ఆరేవరకు తెల్లబడని ముగ్గు: పెద్దయ్యాక ఆగిపోయిన చేతిని మళ్లీ కదిలించుకునే విధానం

ఒడిశాలోని బరంపురంలో రెండేళ్లకు ఒకసారి చైత్రమాసంలో బుఢీ ఠాకురాణి జాతర జరుగుతుంది. అమ్మవారిని ఆడపడుచుగా భావించే దేవాంగులు ఆమెను గుడి నుంచి దేశిబెహెరా వీధిలోని పుట్టింటికి తీసుకువస్తారు, ఇంచుమించు నెల రోజులు ఊరు ఊరంతా ఆ వీధుల్లోనే తిరుగుతూ ఉంటుంది. ఆ రోజులలో మొక్కు ఉన్నవారు వేషం కడతారు. మిగిలిన రెండేళ్లూ బట్టల కొట్టులో గజం కొలిచే మనిషి ఒంటినిండా పసుపురంగు పూయించుకొని, నల్లచారలు దిద్దించుకొని, తోక కట్టుకొని, వాయిద్యాల మధ్య పులి అయి నడివీధిలో ఎగురుతాడు. చారలు ఎంత ఎడంగా ఉంటే దూరం నుంచి బాగా కనిపిస్తాయో, పులి ఆగి చూసినప్పుడు మెడ ఎటు తిప్పాలో అతడే ఆలోచించుకుంటాడు.

జాతర ముగిసిన వారానికి అదే మనిషి చేతికి కాగితమూ పెన్సిలూ ఇచ్చి పులి బొమ్మ గీయమని అడిగితే "నాకు బొమ్మలు రావండీ" అంటాడు. ఈ రెండు రోజుల మధ్య అతడి చేతిలో ఏ మార్పూ రాలేదు, మారింది చూసేవారి చూపు మాత్రమే. మొక్కు తీర్చుకునేవాడికి ఎవరూ మార్కులు వేయరు. వేషం కాస్త అటూ ఇటూ అయినా అమ్మవారు చూసుకుంటుందని అతడికి భరోసా ఉంటుంది. కాగితం ముందు కూర్చున్నప్పుడు ఆ భరోసా లేదు. పెద్దవారికి సృజన దూరమైంది అని మనం అనుకునేచోట చాలాసార్లు నిజంగా దూరమైనది ఈ భరోసాయే అని నా నమ్మకం. దానిని ఇంట్లో, ఖర్చు లేకుండా, కొద్దికొద్దిగా తిరిగి ఎలా కట్టుకోవచ్చో చెప్పడమే ఈ వ్యాసం పని.

నేను చిత్రకారిణిని కాను. ఇరవై ఎనిమిదేళ్లు లెక్కల పుస్తకాలు రాసే ఉద్యోగం చేసి విరమించాను. ఏడేళ్లుగా మా పెరట్లో లక్ష్మీవారం సాయంత్రాలు ఇరుగుపొరుగు ఆడవారు, అప్పుడప్పుడు మగవారు కూడా, చేతిపని పట్టుకొని కూర్చుంటున్నారు. తెలుగు ఇళ్లవారూ ఉన్నారు, ఒడియా ఇళ్లవారూ ఉన్నారు. కింద చెప్పినవన్నీ ఆ పెరట్లో చేసి చూసినవే.

ముందుగా, సృజన అంటే ఏది

ఈ మాట వినగానే మనకు కవులు, శిల్పులు, పట్టుచీర అంచులో కుంభాలు తేల్చే నేతగాళ్లు గుర్తుకువస్తారు, మనం ఆ వరుసలో లేము కనుక విషయం మనది కాదని పక్కకు తప్పుకుంటాము. మనస్తత్వశాస్త్రంలో ఈ పొరపాటును సరిదిద్దిన పని ఒకటి ఉంది. జేమ్స్ కౌఫ్‌మన్, రొనాల్డ్ బెగెటో అనే పరిశోధకులు 2009లో సృజనను నాలుగు మెట్లుగా విడదీశారు. యుగాన్ని మార్చే మహాసృజన పై మెట్టు, వృత్తి నైపుణ్యంతో చేసేది దాని కిందిది, రోజువారీ బతుకులో చేసే చిన్న కొత్తదనం మూడవది, తనకు మాత్రమే కొత్తగా తోచిన అవగాహన నాలుగవది. మిగిలిన ముద్దపప్పులో నిన్నటి దాల్మా (ఒడియావారి కూరగాయల పప్పు) కలిపి కొత్త రుచి తెచ్చిన ఇల్లాలు మూడవ మెట్టు మీద నిలబడి ఉంది. ఈ వ్యాసం చివరి రెండు మెట్ల గురించి మాత్రమే మాట్లాడుతుంది. పై రెండింటికీ వేరే సాధన, వేరే గురువులు కావాలి.

ఇందులో లాభం ఉందా అని అడిగేవారికి ఒక్క సంగతి చెబుతాను. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయంలో 658 మంది యువతీ యువకుల చేత 13 రోజులపాటు దినచర్య రాయించి చూశారు. ఒక రోజు ఏదో ఒక సృజనాత్మకమైన పని చేసినవారు మరునాడు ఎక్కువ ఉత్సాహంగా ఉన్నారు. ఉత్సాహంగా ఉన్న రోజు తరువాత మాత్రం మరింత సృజన కనిపించలేదు. "మనసు బాగున్నప్పుడు చేస్తాను" అని వాయిదా వేసేవారు ఈ వరుసక్రమాన్ని ఒకసారి ఆలోచించాలి.

ఎందుకు దూరమవుతుంది

చిన్నప్పుడు మన ఊళ్లలో ఆటవస్తువు కొని తెచ్చుకోవడం అరుదు. తాటాకుతో బూర, కొబ్బరి ఈనెలతో గాలిమర, అగ్గిపెట్టెలకు దారం కట్టి టెలిఫోను, పోలాల అమావాస్యకు మట్టి ఎద్దులు, ఇవన్నీ ఎవరూ నేర్పకుండానే చేశాము. ఆ చేతులు ఎక్కడ ఆగిపోయాయి?

మొదటి కారణం బహుమతి. 1973లో మార్క్ లెపర్, అతడి సహచరులు అమెరికాలోని ఒక శిశుపాఠశాలలో చేసిన ప్రయోగం ఈ విషయంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపిస్తుంది. రంగు కలాలతో బొమ్మలు గీయడమంటే ముందే ఇష్టమున్న పిల్లలను ఎంచుకొని, కొందరికి "బొమ్మ గీస్తే యోగ్యతాపత్రం ఇస్తాము" అని ముందుగా చెప్పి గీయించారు, కొందరికి చెప్పకుండా గీశాక ఇచ్చారు, కొందరికి ఏమీ ఇవ్వలేదు. ఒకటి రెండు వారాల తరువాత స్వేచ్ఛగా ఆడుకునే సమయంలో గమనిస్తే, బహుమతి కోసం గీసిన పిల్లలు మిగతావారు గీసిన సమయంలో సగం మాత్రమే గీశారు. చెప్పకుండా బహుమతి పొందినవారిలో ఇష్టం తగ్గలేదు. అంటే పాడుచేసింది బహుమతి కాదు, బహుమతి కోసమని ముందుగా కుదుర్చుకున్న ఒప్పందం. బడి పదేళ్లు, ఉద్యోగం ముప్పై ఏళ్లు ఆ ఒప్పందంలోనే గడిపిన మనిషికి ఒప్పందం లేని పని ముందు చేయి లేవకపోవడంలో వింత లేదు.

రెండవ కారణం వస్తువుకు మనం అంటగట్టే ఒకే ఒక్క ఉపయోగం. 2000లో జర్మన్, డెఫైటర్ అనే పరిశోధకులు పిల్లలకు ఒక చిక్కు ఇచ్చారు. వస్తువులు నింపిన పెట్టెను ఖాళీ చేసి, బోర్లించి, దాని మీద కట్టుకుంటూ పోతేనే ఎత్తులో ఉన్నదాన్ని అందుకోగలరు. పెట్టె అంటే వస్తువులు దాచేది అని ముందుగా చూపించినప్పుడు ఆరేడేళ్ల పిల్లలు తడబడ్డారు, అయిదేళ్ల పిల్లలకు మాత్రం ఆ చూపించడం అడ్డురాలేదు. ఈ మార్పు కొంత మేరకు మంచిదే, గరిటె దేనికో తెలియకపోతే వంట సాగదు. కాని ఆ తెలివి గడ్డకడితే మాత్రం వస్తువు వైపు మళ్లీ చూడము.

మూడవ కారణం మన సరిహద్దుకే చెందినది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు బరంపురం, పర్లాకిమిడి మద్రాసు రాష్ట్రం నుంచి అందులో చేరాయి. తరువాతి తరాలలో ఎందరో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదువుకున్నాము. నాలుగో తరగతిలో నేను మా మామ్మ చెప్పిన పొడుపుకథలను నా నోటుపుస్తకం చివరి పేజీలలో రాసుకునేదాన్ని, మాట తెలుగు, అక్షరం ఒడియా. ఒక ఉపాధ్యాయుడు ఆ పేజీలను తరగతి మొత్తానికి చూపించి, ఇది ఏ భాషో మీలో ఎవరైనా చెప్పగలరా అని అడిగారు. పిల్లలు నవ్వారు. ఆయనకు చెడు ఉద్దేశం ఉండకపోవచ్చు. ఆ తరువాత నలభై రెండేళ్ల వరకు నేను లెక్కలు తప్ప సొంతంగా ఒక్క వాక్యం రాయలేదు. రెండు భాషల మధ్య పెరిగినవారికి సిగ్గు రెట్టింపు ఉంటుంది: తెలుగువారి ముందు మన తెలుగు వంకర, ఒడియావారి ముందు మన ఒడియా యాస. అందుకని ఏ భాషలోనూ ఆడుకోము.

మొదటి అడుగు: ఆగిన చోటును వెతకడం

ఒక కాగితం మధ్యలో నిలువుగా గీత గీయండి. ఎడమవైపు, ఎనిమిదేళ్ల నుంచి పన్నెండేళ్ల మధ్య మీరు ఎవరూ చెప్పకుండా చేసిన పనులు రాయండి. "కళ" అనిపించేవి మాత్రమే రాయకండి, అద్దంతో ఎండను గోడ మీద ఆడించడం, బస్సు కండక్టరును అనుకరించడం, రాళ్లతో గుడి కట్టి దానికి జాతర చేయడం కూడా రాయాలి. కుడివైపు ప్రతి పని ఎదుట అది ఎలా ఆగిందో ఒక్క వాక్యంలో రాయండి. మా పెరట్లో ఈ పని చేసినవారికి అందరికీ ఒకేలా జరిగింది: ఎడమవైపు గబగబా నిండింది, కుడివైపు చాలాసేపు ఖాళీగా ఉండి, తరువాత ఎవరో అన్న ఒక మాట బయటికి వచ్చింది. "పెద్ద గొంతు, పాడకు." "ఆడపిల్లకు ఈల ఏమిటి." "ముందు పదో తరగతి గట్టెక్కు."

రాయడం కష్టమైతే ఎవరికైనా చెప్పి రాయించుకోండి. ఎన్నో ఏళ్ల క్రితం బడిలో ఎవరో అన్న మాటే ఇప్పటికీ మీ లోపల తీర్పు చెబుతోందని కంటితో చూడడం ఈ అడుగు ప్రయోజనం. అమెరికాలో పాల్ టోరెన్స్ 1960లలో నాలుగో తరగతి దగ్గర పిల్లల సృజనలో ఒక తగ్గుదలను గమనించారు. తరువాత జరిగిన పరిశోధనలన్నీ దానితో ఏకీభవించలేదు కాని, మా కాగితాలలో కుడివైపు వాక్యాలు ఎక్కువగా ఆ వయసు నుంచే వచ్చాయి.

రెండవ అడుగు: ఒక్క పని ఎంచుకోవడం

ఎడమవైపు జాబితాలో నుంచి గాని, ఇంట్లో కళ్ల ముందు ఉన్నదాని నుంచి గాని ఒక్క పని తీసుకోండి. కొత్త సామాను కొనవలసిన పని వద్దు. కొనడంలోనే ఉత్సాహం ఖర్చయిపోతుంది, కొన్నది వాడకపోతే అదొక నింద అయి అల్మారాలో కూర్చుంటుంది. పావుగంటలో ఒక దశ పూర్తయ్యేదిగా ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, చెరిగిపోయేదో, తినేసేదో, వాడేసేదో అయితే మంచిది, ఎందుకంటే మిగిలిపోయే వస్తువును మనం పదే పదే తూచుతాము.

మన జిల్లాలలో ఇటువంటి పనులకు కొదవ లేదు. పాత చీరలతో బొంత కుట్టవచ్చు. కార్తీకంలో అరటిదొప్పతో పడవ చేయవచ్చు, పైగా మనకు రెండుసార్లు అవకాశం ఉంది: ఒడియావారి మాసం పున్నమితో ముగుస్తుంది కనుక వారు కార్తీక పున్నమినాడు తెల్లవారుజామున బొయిత బందాణ పేరుతో పడవలు వదులుతారు, మన మాసం అమావాస్యతో ముగుస్తుంది కనుక మనం పదిహేను రోజుల తరువాత పోలిపాడ్యమికి దొప్పల్లో దీపాలు వదులుతాము. మొదటిసారి మునిగిన పడవను రెండవసారికి సరిదిద్దుకోవచ్చు. తెరచాప ఎక్కడ గుచ్చితే ఒరగకుండా ఉంటుందో మా పక్కింటి తాతగారు రెండు కార్తీకాలు ప్రయత్నించి కనిపెట్టారు, ఆయన వయసు అప్పటికి డెబ్బై దాటింది.

కాని మొదలుపెట్టేవారికి నేను చెప్పేది పిండిముగ్గు. దానిని కాస్త వివరంగా చెప్పాలి.

మూడవ అడుగు: పిండిముగ్గుతో మొదలుపెట్టడం

మార్గశిర లక్ష్మీవారాలలో ఒడియా ఇళ్ల గోడల మీద, గడపల ముందు, ధాన్యం కొలిచే మానిక చుట్టూ బియ్యపుపిండి నీళ్లతో ఝోటి వేస్తారు: వరికంకులు, తామరలు, లోపలికి నడిచివస్తున్న లక్ష్మీపాదాలు. తెలుగు ఇళ్లలో ధనుర్మాసం నెల రోజులూ పొడిపిండితో చుక్కల ముగ్గు, మెలికల ముగ్గు వేస్తాము. గజపతి, రాయగడ జిల్లాల కొండలలో సవరలు ఎర్రమట్టి పూసిన గోడల మీద ఇదే తెల్లని బియ్యపు ద్రవంతో మనుషులను, జంతువులను, ఏనుగు మీద వెళ్లేవారిని చిత్రిస్తారు. సవరలకు అది తమ దేవతలకు, పెద్దలకు సమర్పించే పవిత్ర చిత్రం కనుక దానిని అనుకరించమని నేను చెప్పను. పదార్థం మాత్రం ముగ్గురిదీ ఒక్కటే.

ఒక గుప్పెడు పచ్చిబియ్యం రెండు మూడు గంటలు నానబెట్టండి. ఉప్పుడు బియ్యం పనికిరాదు, జిగురు చాలదు. నీళ్లు వంచేసి మెత్తగా, వేళ్ల మధ్య రాస్తే నలుసు తగలనంతగా రుబ్బండి. తరువాత నీళ్లు కలిపి మజ్జిగ కంటే చిక్కగా, దోసెల పిండి కంటే పలుచగా చేయండి. మరీ చిక్కగా ఉంటే ఆరాక పెచ్చులుగా ఊడుతుంది, మరీ పలుచగా ఉంటే కారుతుంది. పాత నూలుగుడ్డను వేలెడు పేలికగా చింపి, పిండిలో ముంచి, నాలుగు వేళ్ల మధ్య పట్టుకొని మెల్లగా నొక్కుతూ ఉంగరపు వేలి కొస మీదుగా జారనివ్వండి. మట్టినేల లేనివారు గచ్చు మీద గాని, ఎర్రమన్ను పూసిన పాత చాట మీద గాని, ఒక పలక మీద గాని వేసుకోవచ్చు.

ఇప్పుడు అసలు విషయం. తడిగా ఉన్నప్పుడు ఈ గీత సరిగా కనిపించదు. నీళ్ల మరకలాగా నేల రంగులో కలిసిపోయి ఉంటుంది. ఆరుతున్నకొద్దీ తెల్లబడుతుంది, పూర్తిగా తెల్లబడేసరికి మీరు వేరే పనిలో ఉంటారు. అంటే వేస్తున్న సమయంలో అది బాగుందో లేదో తేల్చడం మీ చేతిలో లేదు. సుద్దముక్కతో, పెన్సిలుతో గీసినప్పుడు ప్రతి గీతనూ వెంటనే చూసి, పెదవి విరిచి, చెరిపేస్తాము. పిండినీళ్లు ఆ అవకాశం ఇవ్వవు. చేయడం ఒక పూట, చూడడం మరొక పూట అవుతాయి. మా పెరట్లో "నాకు రాదు" అని అయిదేళ్లు చూస్తూ కూర్చున్న ఒక పిన్నిగారు, పేలిక పట్టుకున్న మొదటి సాయంత్రమే గడప పొడవునా తీగ వేశారు. మధ్యలో ఒక్కసారి కూడా ఆగలేదు, ఎందుకంటే ఆగి చూడడానికి అక్కడ ఏమీ కనిపించలేదు. మరునాడు పొద్దున్న వచ్చి ఆకులన్నీ ఒకే వైపుకు వంగాయని ఆమే చెప్పి, గాలి వీచినట్టుంది అని సంతోషించారు.

ముగ్గు మీకు నప్పకపోయినా ఈ ఎడాన్ని మాత్రం మీరు ఎంచుకున్న పనిలోకి తెచ్చుకోండి. రాసేవారు రాసిన పేజీని మడిచి మూడు రోజుల తరువాత విప్పండి. బొంత కుట్టేవారు వెనుకవైపు నుంచి కుట్టండి. పాడేవారు చీకట్లో పాడండి.

నాలుగవ అడుగు: వేళ, చోటు

ఉన్న అలవాటు ఒకదానికి ఈ పనిని తగిలించండి, కొత్తగా సమయం కోసం వెతికితే దొరకదు. పొద్దున్న వాకిలి చిమ్మాక పావుగంట, అన్నం కుక్కరు ఆవిరి పోయేదాకా, దుకాణం మూసే ముందు లెక్క సరిచూశాక. చోటు ఒక్కటే ఉండాలి, సామాను అక్కడే ఉండాలి. వృద్ధులను, మంచం పట్టినవారిని చూసుకునే ఇళ్లలో పావుగంట కూడా దొరకని రోజులు ఉంటాయని నాకు స్వయంగా తెలుసు. అటువంటి రోజున అయిదు నిమిషాలు, ఒక్క తామర చాలు.

అయిదవ అడుగు: కట్టుబాటు పెట్టుకోవడం

పూర్తి స్వేచ్ఛ ఇస్తే సృజన విప్పారుతుందని చాలామంది అనుకుంటారు. నా అనుభవం దీనికి వ్యతిరేకం. "ఏదైనా వేయండి" అంటే చేయి కదలదు, "ఏడు చుక్కలు, రెండే తీగలు" అంటే కదులుతుంది. బరంపురం పట్టుచీరను చూడండి. ఫోడా కుంభ అంచులో దంతాల వరుసలా లేచే కుంభాలు తరతరాలుగా మారలేదు, భౌగోళిక గుర్తింపు కూడా ఆ పేరు మీదే ఉంది. ఆ మారని అంచు లోపల రంగుల జతను ఎంచుకోవడంలో నేతగాడి మనసు ఆడుకుంటుంది.

అందుచేత ప్రతి వారానికి ఒక నియమం పెట్టుకోండి. ఒక వారం మొత్తం చెయ్యి ఎత్తకుండా ఒకే గీతతో, ఒక వారం ఎడమచేత్తో, ఒక వారం పెరట్లో ఆ పూట కనిపించిన ఆకు మాత్రమే. వంటలో అయితే కొత్తగా ఏమీ కొనకుండా ఇంట్లో ఉన్న మూడు కూరలతోనే. నియమం ఎంత చిన్నదైతే అంత మంచిది. నియమం తప్పితే తప్పిందని పక్కన రాసి ముందుకు సాగండి, ప్రాయశ్చిత్తం అక్కరలేదు.

ఆరవ అడుగు: ఒక మండలం ఎవరికీ చూపించకపోవడం

ఇది అందరికంటే చదువుకున్నవారికి, ముఖ్యంగా చేతిలో ఫోను ఉన్నవారికి కష్టమైన అడుగు. నలభై రోజులు మీరు చేసినదాన్ని ఫొటో తీయకండి, ఎవరికీ పంపకండి, ఎలా ఉంది అని అడగకండి. గడప ముందు వేసిన ముగ్గును దారినపోయేవారు చూస్తారు, చూడనివ్వండి, కాని అడగకండి. కారణం పైన చెప్పిన పిల్లల ప్రయోగమే. పొగడ్త కూడా ఒక బహుమతి, దానికోసం ఎదురుచూస్తూ చేసిన పని మెల్లగా దానికోసమే చేసే పని అవుతుంది. మా బృందంలో ఒకరు చక్కని బొంత ఒకటి కుట్టి, మూడవ వారంలోనే ఫొటో బంధువులందరికీ పంపారు. అందరూ మెచ్చుకున్నారు. తరువాతి బొంతకు ఆమె మూడు నెలలు సూది పట్టుకోలేదు, మొదటిదాని కంటే బాగా రాదేమోనని.

ఇంట్లోవారికి ముందుగానే ఒక మాట చెప్పి పెట్టుకోండి: "నలభై రోజులు బాగుంది అనవద్దు, బాగాలేదు అనవద్దు." దీక్ష పట్టినవారిని ఎలా చూస్తారో అలా చూడమనండి. మన ఇళ్లలో దీక్ష అన్న మాటకు ఉన్న గౌరవం ఇక్కడ పనికివస్తుంది.

ఏడవ అడుగు: ఇంటి మాటతో ఆడుకోవడం

ఈ అడుగు సరిహద్దు తెలుగువారి కోసం. మీకు తెలుగు అక్షరాలు రాకపోతే ఒడియా అక్షరాలతో తెలుగు రాయండి. అది తప్పు కాదు, భాష నోట్లో ఉంటుంది, అక్షరం దాని గిన్నె మాత్రమే. నేను తెలుగు లిపిని యాభై దాటాక నేర్చుకున్నాను. అప్పటికే ఒడియా అక్షరాలతో నాలుగు పుస్తకాలు నింపి ఉన్నాను కనుక లిపి నేర్చుకోవడం ఆటలా సాగింది. ముందు లిపి, తరువాత రాత అని కూర్చుంటే ఇప్పటికీ గుణింతాల దగ్గరే ఉండేదాన్నేమో.

రోజుకు ఒక పొడుపుకథ కట్టండి. కట్టడానికి ఒక సులువైన మార్గం ఉంది. ఇంట్లో ఒక వస్తువు తీసుకోండి. అది చేసే పని ఒకటి, అది చేయలేని పని ఒకటి రాయండి, రెండింటినీ ఒకే వాక్యంలో ఎదురెదురుగా నిలబెట్టండి. తాళంచెవి గురించి మా పక్కింటి కోడలు కట్టినది ఇది: "ఊరంతా తిరిగొస్తుంది, ఇల్లు తనదే, లోపల మాత్రం పడుకోదు." ఒడియా మాట తగిలితే తగలనివ్వండి. ప్రాస కుదరకపోయినా పరవాలేదు.

పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా బతుకు మొదలుపెట్టిన గిడుగు రామమూర్తిగారిని ఈ సందర్భంలో తలచుకోవడం నాకు ఇష్టం. వాడుక భాష ఉద్యమకారుడిగా ఆయన అందరికీ తెలుసు. కొండల నుంచి సంతకు వచ్చే సవరల మాట విని, అది నేర్చుకోవాలని ఆయనకు అనిపించింది. పుస్తకం లేదు, బడి లేదు. తెలుగు తెలిసిన సవర మనిషిని ఇంట్లో ఉంచుకొని, ఒక్కొక్క మాట అడిగి రాసుకున్నారు. అప్పటికే ఇల్లూ పిల్లలూ ఉద్యోగమూ ఉన్న మనిషి ఆయన. సవర భాషా వ్యాకరణం 1931లో అచ్చయ్యేనాటికి ఆయనకు అరవై ఏడేళ్లు దాటాయి. ఆ గ్రంథాన్ని నేను మీ ముందు లక్ష్యంగా పెట్టడం లేదు, దాని ముందున్న ఒక రోజును చూపిస్తున్నాను, తెలియని మాట ఒకటి విని, ఇది ఏమిటి అని పక్క మనిషిని అడిగిన రోజు. మీ పక్కింట్లో కూడా మీకు రాని పని ఏదో ఒకటి ఎవరికో వచ్చు. వెళ్లి అడగండి. ఝోటిలో వరికంకి వేసే పద్ధతి నాకు ఒక ఒడియా వదినగారు నేర్పారు, మెలికల ముగ్గు నేను ఆమెకు నేర్పాను.

ఆగిపోయినప్పుడు

మూడవ వారం దాటాక ఒక రోజు ఏమీ తోచదు. అప్పుడు కూర్చొని బలవంతం చేయకండి, లేచి నడవండి. నడక కొత్త ఆలోచనలను పెంచుతుందని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2014లో ప్రయోగాలతో చూపించారు, నడిచి వచ్చి కూర్చున్న తరువాత కూడా ఆ ప్రభావం కొంతసేపు నిలిచింది. అంతకు చాలా ముందే, 1926లో, గ్రాహం వాలస్ అనే ఆలోచనాపరుడు సృజనకు నాలుగు దశలు చెబుతూ, సిద్ధపడడానికీ వెలుగు కలగడానికీ మధ్య పొదిగే దశ ఒకటి ఉంటుందని గుర్తించారు. పెట్ట పొదుగుతున్నప్పుడు గుడ్డు ఎత్తి చూడము కదా. అయితే వరుసగా నాలుగు రోజులు ఆగితే అది పొదగడం కాదు, నియమం పెద్దదైపోయిందని అర్థం. నియమాన్ని సగానికి తగ్గించి మళ్లీ మొదలుపెట్టండి.

దేని మీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి తప్పడం వారాల తరబడి సాగితే మాత్రం ముగ్గుతో సరిపెట్టుకోకండి, వైద్యుడిని కలవండి.

నలభై రోజుల తరువాత

అప్పుడు చూపించవచ్చు, కాని ముందు ఒక్కరికి. తీర్పు చెప్పేవారికి కాకుండా, తానూ ఏదో ఒకటి చేసేవారికి చూపించండి. "ఎలా ఉంది" అని అడగడానికి బదులు "ఇక్కడ నాకు చేయి తిరగలేదు, నువ్వైతే ఎటు తిప్పుతావు" అని అడగండి. మొదటి ప్రశ్నకు మార్కు వస్తుంది, రెండవ ప్రశ్నకు పని వస్తుంది.

పిల్లలున్న ఇళ్లలో ఇంకొక జాగ్రత్త అవసరం. మీరు వేస్తుంటే పిల్లలు వచ్చి పక్కన కూర్చుంటారు. వారి పేలిక వారికి ఇవ్వండి, వారి చేయి పట్టుకొని దిద్దించకండి, భలే ఉందని ప్రతి గీతకూ చప్పట్లు కొట్టకండి. "ఇది ఏమిటో చెప్పు" అని అడిగితే చాలు. నాకు నాలుగో తరగతిలో దొరకనిది ఆ ప్రశ్నే, నవ్వు లేకుండా.

ఎప్పుడు మొదలుపెట్టాలి అని అడిగితే, పక్కన ఒడియా పంచాంగం, తెలుగు పంచాంగం రెండూ పెట్టుకోండి. ఒడియా మార్గశిరం కార్తీక పున్నమి మరునాడు మొదలవుతుంది, తెలుగు మార్గశిరం దానికి పదిహేను రోజుల తరువాత మొదలై అమావాస్యతో ముగుస్తుంది. రెండూ కలిపితే నలభై అయిదు రోజులు, కనీసం ఆరు లక్ష్మీవారాలు. ఒడియా మార్గశిరం మొదటి రోజున మధ్యాహ్నం గుప్పెడు పచ్చిబియ్యం నానబోస్తే, తెలుగు మార్గశిరం ముగిసేలోపు ఒక మండలం పూర్తవుతుంది, మధ్యలో తప్పిపోయే రోజుల కోసం అయిదు రోజులు చేతిలో మిగులుతాయి.